రెండు తలల తీగ

మూడోసారి కంప్యూటరు ఆరిపోయాక సదయ్య సీడీని బయటికి తీసి, బనీను అంచుతో తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకున్నాడు. కోడలు తోమిన గిన్నెను అత్తగారు చూసినట్టు చూశాడు. గీత లేదు, మరక లేదు. వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి దాన్ని మళ్లీ లోపలికి తోసి, పక్కనున్న కంప్లైంటు రిజిస్టరు తెరిచాడు.

అతను కంపెనీ క్వార్టర్ల ఎలక్ట్రీషియను. ముప్పై ఏళ్లుగా ఏ లోపమైనా అందులో రాస్తే తప్ప అతనికి అర్థం కాదు. ఈ ఉదయం నుంచి అందులో సొంత ఇల్లు కూడా చేరింది. "క్వార్టర్ 117. కంప్యూటర్. సీడీ ఎక్కుతుండగా 7.40కి నలభై మూడు శాతం దగ్గర ఆరింది. 8.25కి అరవై ఒకటి." ఇప్పుడు కింద ఇంకో గీత గీసి, "9.05కి డెబ్బై" అని రాశాడు. దానికి పై వరసలోనే మంగళవారం నాటి కంప్లైంటు ఉంది. "క్వార్టర్ 118, అనసూర్య. మెయిన్ స్విచ్ పిడి విరిగింది, కిందికి దిగదు. కొత్తది స్టోర్స్ నుంచి రావాలి." అది రాలేదు. స్టోర్స్ నుంచి రావలసినవి సాధారణంగా రావు.

"బాపూ, రేపు పరీక్షలో ఇది అడగరేమో," అంది కూతురు శోభ, మంచం మీద కూర్చుని జడ విప్పుకుంటూ.

"ఇదే అడుగుతరు. ఫోర్మన్ సారే ఇచ్చిండు సీడీ. ఇంట్ల పెట్టుకొని నేర్చుకొని రా అన్నడు."

పరీక్ష సోమవారం పది గంటలకు. సబ్‌స్టేషన్‌లో రీడింగులు రాసే పుస్తకాలు తీసేసి కంప్యూటరు పెడుతున్నారు. గంటగంటకూ అంకెలు కొట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక కుర్చీ ఉంటాయి. సదయ్య చూపు ఆ కుర్చీ మీదే ఉంది. సర్వీసులో చేరిన నాటి నుంచి అతను డ్యూటీలో కుర్చీ మీద కూర్చోలేదు. స్తంభం ఎక్కాడు, నిచ్చెన మోశాడు, గోడల వెంట వంగి నడిచాడు. ఎనిమిదేళ్ల కింద స్తంభం మీద నుంచి జారి కుడి మోకాలు పగిలింది. దవాఖానలో అతికించారు గాని, మబ్బు పట్టిన రోజున అతికినచోటు గుర్తుచేస్తుంది. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. ఆ నాలుగేళ్లూ స్తంభమా, కుర్చీయా అన్నది ఈ సీడీలో ఉంది.

కాలనీలో అతన్ని కరెంటు సదన్న అంటారు. కరెంటు ఉన్నంతసేపూ సదన్న ఎవరికీ కనబడడు. కరెంటు పోగానే వరసలోని ఏడు గుమ్మాల్లోంచి ఒకేసారి, "ఏడ సచ్చిండు సదన్న?" అని వినబడుతుంది. అతను వచ్చి ఫ్యూజు పెట్టి వెళతాడు. మంచినీళ్లు ఇచ్చినవాళ్లు ఉన్నారు. కూర్చోమన్నవాళ్లు మాత్రం అతనికి గుర్తు లేరు.

పండగపూట, పెళ్లిపూట తన నిద్ర పాడుచేస్తున్నారని, కొన్నేళ్ల కింద అతనే ఒక ఉపాయం చేశాడు. వరసలో ఇంటికొకటి చొప్పున రెండు చివరలా పిన్నులున్న తీగ తయారుచేసి ఇచ్చాడు. ఒక కొనను వెనక వరస వాళ్ల ప్లగ్గులో, రెండో కొనను మన ప్లగ్గులో గుచ్చితే చాలు, వాళ్ల కరెంటు మన ఇంట్లోకి వస్తుంది. ఆడవాళ్లు దానికి రెండు తలల తీగ అని పేరు పెట్టారు. "మొదలు ఇంట్ల మెయిన్ దించాలె, గప్పుడే తీగ పెట్టాలె. లేకుంటే కరెంటు ఎనుకకు ఉరికి బయటి పెట్టెదాక పోతది" అని ప్రతి ఇంట్లోనూ రెండేసిసార్లు చెప్పాడు. రూలు ప్రకారం అలాంటి తీగ ఉండకూడదు. రూలు ప్రకారం హీటర్లూ ఉండకూడదు. కంపెనీ కరెంటుకు బిల్లు లేదు గనక గ్యాసు బండ దేవుడి పటాల కింద పసుపు బొట్టుతో సుఖంగా ఉంటుంది, వంటంతా హీటరు మీదే.

సదయ్య కంప్యూటరు అమ్మిన గులాం అలీకి ఫోను చేశాడు.

"భాయ్, డెబ్బై దాక పోయి సచ్చిపోతున్నది."

"యూపీఎస్ ఉందా సదన్నా?"

సదయ్య యూపీఎస్ వైపు చూశాడు. దాని బ్యాటరీ పోయి ఏడాదైంది. భార్య మల్లక్క దాని మీద తులసి మొక్క డబ్బా పెట్టింది.

"ఉన్నది గని లేనట్టే."

"మరి ఓల్టేజి చూస్కో. కరెంటోడివి, నాకు ఫోన్ చేస్తవేంది?" అని గులాం అలీ నవ్వి పెట్టేశాడు.

సదయ్యకు సిగ్గేసింది. నిజమే. అతను గోడ మీది బల్బు వైపు తలెత్తాడు. బల్బు అరిసెలా ఎర్రగా ఉంది. ఆ క్షణాన వరస పొడుగునా తేలివస్తున్న వాసన ముక్కుకు తగిలింది. అల్లం, వెల్లుల్లి, మటన్. ఆదివారం. ప్రతి ఇంట్లో రెండు హీటర్లు. ఒకదాని మీద కూర, ఒకదాని మీద అన్నం. ఎవరు రెండోది వెలిగించినా అతని కంప్యూటరు కళ్లు తేలేస్తోంది.

రిజిస్టరులో "కారణం" అన్న గడిలో "మటన్" అని రాసి, ఇది బాగుండదని కొట్టేసి, "లోడు" అని రాశాడు.

మొదట మర్యాదగానే అడిగాడు. గుమ్మం గుమ్మానికీ కుంటుతూ వెళ్లి, నలభై నిమిషాలు హీటరు బందు పెట్టమన్నాడు. ఒకరు నవ్వారు, ఒకరు వినబడనట్టు కుక్కరు విజిలు వైపు తిరిగారు. పక్కింటి అనసూర్య గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏందన్నా, నీ కంప్యూటరు మా ఇంట్ల కూర వండుతదా?"

"నలభై నిమిషాలు చెల్లె. రేపు పరీక్షున్నది."

"ఈ వయసుల పరీక్ష ఏందే? పెద్దపల్లి నుంచి మా తమ్ముడు పెండ్లాన్ని తోలుకొని వచ్చిండు. గాళ్లకు నీ సీడీ ఏసి పెట్టాల్నా?"

లోపల తమ్ముడు గట్టిగా నవ్వాడు. సదయ్య కూడా నవ్వాడు. నవ్వకపోతే ఎలా ఉంటుందో అతనికి ఎప్పుడూ తెలియలేదు.

ఇంటికి వచ్చి మల్లక్కను రబ్బరు గ్లౌజులు అడిగాడు.

"మామిడికాయ తొక్కు కలిపిన. కడిగి దండెం మీదేసిన, ఆరలే. ఎందుకు?"

"ఏం లేదు తియ్యి."

ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. వరస చివరి గోడకున్న ఇనుప పెట్టె తెరిచి, ఎనిమిది ఫ్యూజుల్లో తనది వదిలి, మిగతా ఏడూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది లైన్‌మన్ల ఆచారం. ఫ్యూజు జేబులో ఉంటే ప్రాణం జేబులో ఉన్నట్టే, ఎవడూ వెనక నుంచి కరెంటు ఇవ్వలేడు. జేబు బరువుకు చొక్కా ఒక పక్కకు వాలిపోయింది.

"శోభా, పెట్టు!" అని అరిచాడు.

వరస మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. రాత్రి కురిసిన వానకు నేల ఇంకా బురదగానే ఉంది. సదయ్య పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. హవాయి చెప్పు పట్టీ ఊడి బురదలో ఉండిపోతే, పాదం నేల మీదే పెట్టాడు.

"బాపూ, ఇరవై!" అని కిటికీలోంచి వినబడింది.

"గీనె అయ్య జాగీరా కరెంటు?" అంది ఒకామె.

"అన్నం నీళ్లల్ల నానుతున్నది. నీ మొగం మీద కుమ్మరిస్త," అంది ఇంకొకామె.

"నలభై ఆరు!"

అనసూర్య మాత్రం తిట్టలేదు. కూర సగం ఉడికింది, మరదలు ఎదురుగా కూర్చుంది. తిట్టడానికి ఆమెకు తీరిక లేదు, లోపలికి వెళ్లిపోయింది.

"బాపూ, డెబ్బై దాటింది!"

సదయ్య ఊపిరి వదిలాడు. కుర్చీకి చేతులుంటాయా, చేతుల్లేనిదా అన్న ఆలోచన వచ్చి, తనలో తనే సిగ్గుపడ్డాడు. ఊరికే నిలబడటం చేతకాక పెట్టెలోకి చూశాడు. నూటపద్దెనిమిది గడిలో ఇంట్లోకి వెళ్లే తీగ మొదలు నల్లగా మాడి, మర వదులైంది. రెండు హీటర్ల పని. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు అనసూర్య ఇంట్లో మంట లేస్తుంది. ఫ్యూజు ఎలాగూ తన జేబులో ఉంది. పానా తీసి మర బిగించబోతూ, మాడిన తీగను ఎడమచేత్తో సరిచేశాడు.

లోపల అనసూర్య మేకుకున్న రెండు తలల తీగను తీసి, ఒక కొన వెనక వరస వాళ్లకు గోడ మీదుగా అందించింది. మెయిన్ దించాలన్న సంగతి ఆమెకు గుర్తే. పిడి విరిగింది గనక దిగలేదు. రెండో కొన ప్లగ్గులో గుచ్చింది. హీటరు ఎర్రబడింది.

సదయ్య పెట్టెకు నుదురు ఆనించి నిలబడ్డాడు. లోపల ఏదో గుసగుస వింటున్నవాడిలా ఉన్నాడు.

"తొంభై రెండు!"

వరస ఇంకా తిడుతూనే ఉంది. బదులు చెప్పకుండా అలా నిలబడినందుకు ఇంకాస్త తిట్టింది. "సూడు, సిగ్గు గిట్ల ఉన్నదా, మొగం దాసుకుండు!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"బాపూ, నూరు! అయిపోయింది!" శోభ పరుగెత్తుకొచ్చింది. "బాపూ? ఇనవడ్తలేదా?"

చేయి పట్టుకోబోయి విసిరేసినట్టు వెనక్కి పడింది. అప్పుడు వరస నోరు మూసింది. ఎవరో "తీగ! తీగ పీకుండ్రి!" అని అరిచారు. అనసూర్య పీకేసింది. సదయ్య మోకాళ్ల మీదికి, మోకాళ్ల మీది నుంచి బురదలోకి దిగాడు. కుడి మోకాలు ఆ ఒక్కసారే నొప్పి లేకుండా వంగింది.

స్ట్రెచర్ లేదు. అనసూర్య తమ్ముడు లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. అందులో కూర్చోబెట్టి నలుగురు డిస్పెన్సరీకి మోసుకెళ్లారు. చేతులున్న కుర్చీయే.

డ్యూటీలో ఉన్న ఇంకో ఎలక్ట్రీషియను వచ్చి, డిస్పెన్సరీలోనే మల్లక్కను అడిగి, శవం మీది చొక్కా జేబులోంచి ఏడు ఫ్యూజులూ తీసి యథాస్థానాల్లో పెట్టాడు. శవం ఇంటికి రాకముందే వరసకు కరెంటు వచ్చింది. శవం లేచేదాకా వరసలో పొయ్యి ముట్టించకూడదన్నది ఆచారం. హీటరు పొయ్యి కిందికి వస్తుందా రాదా అన్న చర్చ పన్నెండింటి దాకా గుమ్మాల్లో గుసగుసగా నడిచింది. రాదని తేలింది.

ఆదివారం గనక అతను డ్యూటీలో లేడని, అనుమతి లేకుండా పెట్టె తెరిచాడని కాగితాలు రాశారు. సోమవారం పది గంటలకు పరీక్ష జరిగింది. వచ్చిన ఇద్దరిలో ఒకడికి మౌసు పట్టుకోవడం వచ్చు, కుర్చీ అతనికే ఇచ్చారు.

దినాలయ్యాక శోభ కంప్యూటరు మీద దుప్పటి తీసింది. ఆ ఆదివారం మధ్యాహ్నమే వరస అంతా హీటర్లు వెలిగించినప్పుడు అది ఆరిపోయి ఉంది. రిజిస్టరు తెరిచి, నూటపద్దెనిమిది వరసలో "రావాలి" అన్న మాట చాలాసేపు చూసి మూసేసింది.

వరసలో అందరూ తమ తమ తీగలను చెత్తకుండీలో పడేశారు. అనసూర్య కూడా పడేద్దామనే తీసింది. ముసురు రోజులు, ఫ్యూజు పోతే వచ్చే సదన్న కూడా లేడు. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ అదే మేకుకు తగిలించింది. రెండు కొనల్లోనూ సదయ్య చుట్టిన నల్ల టేపు ఎక్కడా లేవలేదు, ఒక్క రాగి పోగు కూడా బయటికి కనబడటం లేదు.