దిష్టి తగిలిన హెడ్‌లైటు

ఆటో హెడ్‌లైటు పోయిన ప్రతిసారీ రాంబాబు నోట వచ్చే మాట ఒక్కటే: దిష్టి. కొత్త బల్బు వేయించేవాడు, ఆ వెంటనే దిష్టి పోవాలని ఆ లైటు నెత్తినే కొబ్బరికాయ కొట్టేవాడు. వారం తిరక్కుండా అది మళ్లీ గుడ్డిదయ్యేది. కారేపల్లిలో ఉన్న ఆటోలన్నీ వదిలేసి, సీట్లు చిరిగిన ఈ డొక్కు మీదే ఊరి కళ్లన్నీ పడ్డాయా అని అతని భార్య శ్యామల దెప్పేది.

ఈసారి ఆమే దగ్గరుండి ఆటోను కొత్తగూడెంలో మెకానిక్ మతీన్ షాపుకు తోలించింది. మతీన్ లైటు విప్పి వంచగానే లోపలి నుంచి బొటబొటా నీళ్లు కారాయి, వాటి వెంట కొబ్బరి పీచు కూడా పడింది. బల్బు హోల్డరు నిండా పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఎన్ని బల్బులు మారిస్తే ఏం లాభం అన్నా? నీళ్లన్నీ లోపలికే పోతున్నయ్," అంటూ అతను హోల్డరు మార్చి, వైర్ల కొసలు గీకి, గ్లాసు చుట్టూ కొత్త రబ్బరు వేశాడు.

లైటు ధగధగా వెలిగింది. రాంబాబు మురిసిపోయి సీటు కింద నుంచి కొబ్బరికాయ తీశాడు.

"గింత మంచిగ వెలుగుతాంది. మళ్లా దిష్టి తగుల్తది!"

శ్యామల కాయ లాక్కుంది.

"ఆగు, దీన్ని నీ నెత్తి మీద కొడ్తా. అండ్ల ఎన్ని నీళ్లు పోయినా ఖరాబయ్యేది ఏం లేదు."