తర్వాత అంటే ఏ రోజు

"ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్, ఆ దుప్పట్లు కాస్త మడతపెట్టు" అన్నారు అత్తయ్య, తడి చేతులు తుడుచుకుంటూ.

నేను ఖాళీగా లేను. ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని ముందు నిలబడి పొద్దున్నుంచీ ఒక తప్పు వెతుకుతున్నాను. నా ఆఫీసు ఆ ఇస్త్రీ బల్లే. ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, ఎవరైనా నలిగిన చొక్కా పట్టుకుని వస్తే క్షణంలో ఖాళీ చేసి ఇచ్చెయ్యొచ్చు. నిలబడి చేస్తే కనీసం పని చేస్తున్నట్టు కనపడుతుందని మొదట్లో ఆశపడ్డాను. కూర్చున్నా నిలబడ్డా ఒకటేనని మెల్లిగా తెలిసొచ్చింది. కింద కొట్టులో గల్లా తెరుచుకుంటే అది పని. పైన ఇంట్లో ఏం చేసినా ఖాళీయే. దుప్పటి కొస గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు రెండూ చాచి మడత వేస్తూనే తెర మీద వచ్చిన ఉత్తరం చదివాను.

రాసింది పిట్ట. మనిషెవరో, ఎక్కడుంటుందో నాకు తెలియదు. తన ఫొటో ఉండాల్సిన చోట పిట్ట బొమ్మ పెట్టుకుంది కాబట్టి నాకు పిట్ట అయింది. "నెలాఖరు అనే మాట దగ్గర ఒక పొరపాటు సరిచేశాను. తొందరేం లేదు. మీరు చూసి సరే అనేదాకా ఆగుతాను" అని రాసింది. ఆ చివరి మాట రెండోసారి చదివాను. నా కోసం ఆగుతాననే మనిషి ఈ భూమ్మీద ఆ పిట్ట ఒక్కతే.

మాది తలుపులకీ కిటికీలకీ కావాల్సిన సామాన్ల కొట్టు. బందులు, గడియలు, పిడులు, తాళాలు. కింద కొట్టు, పైన ఇల్లు. పెళ్ళికి ముందు నేను ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. పెళ్ళయ్యాక, ఇంటి కొట్టు ఉండగా బయట ఉద్యోగమెందుకన్నారు. కొట్టుకి వచ్చే ఆర్డర్లన్నీ ఫోన్లో ఉత్తరం ముక్కలుగా వచ్చేవి. ఎల్లుండి పొద్దున పంపండి, వచ్చే బుధవారం మధ్యాహ్నం పైన, ఈ నెలాఖర్లోపు. ఎవరూ తేదీ వేసేవాళ్ళు కాదు. ఎల్లుండి అన్నది నిన్నటి ఎల్లుండో ఇవాళ్టి ఎల్లుండో చూసుకోక, మా బిగింపు మేస్త్రీ సామాన్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళడం, తాళం పెట్టిన తలుపు చూసి తిరిగి రావడం. అప్పుడు రాశాను ఆ ప్రోగ్రాం. మనుషులు మాట్లాడుకునేటట్టు రాసిన మాట ఇస్తే, క్యాలెండర్లో అది ఏ రోజో, ఏ వేళో తేల్చి చెబుతుంది. మా వృత్తిలో ఇలాంటిదాన్ని లైబ్రరీ అంటారు. వేరేవాళ్ళు తీసుకెళ్ళి తమ ప్రోగ్రాముల్లో బిగించుకునే భాగమన్నమాట. మా కొట్టు లెక్కలో చెప్పాలంటే తలుపు వాళ్ళది, గడియ నాది.

దాన్ని ఎవరైనా వాడుకునేలా, విప్పి చూసుకునేలా, బాగుచేసి పంపేలా బయట పెట్టాను. పంపినదాన్ని లోపల పెట్టాలా వద్దా అన్నది మాత్రం నేను చూసి చెప్పాలి. అలా ఎక్కడెక్కడికో వెళ్ళింది. బస్సు టిక్కెట్ల వాళ్ళు వాడుతున్నారు, క్షౌరశాలల వాళ్ళు వాడుతున్నారు. ఒక ఆసుపత్రి నర్సు ఒకసారి రాసింది. ఒక పెద్దాయన 'వచ్చే వారం ఎప్పుడైనా వస్తాను' అని పంపితే, నా ప్రోగ్రాం ఏదో ఒక రోజు ఊహించి పడెయ్యకుండా 'రోజు తెలియలేదు' అందట. ఎందుకో చూద్దామని వీళ్ళు ఫోన్ చేస్తే, ఆయన మందులు అప్పటికే అయిపోయి ఉన్నాయట. ఆ ఉత్తరం చదివిన రోజు కూర మాడ్చాను. "ఏమిటమ్మా ఈ పరధ్యానం" అన్నారు అత్తయ్య. ఏమని చెప్పాలి?

మా ఆయనకి ఇదంతా నష్టపు బేరం. "ఊరికే పంచిపెట్టేదానికి నిన్నెవరడుగుతారే" అంటారు. మా మరిదికి వేళాకోళం. "వదినా, ఎల్లుండెప్పుడో నీ మిషన్నడిగి చెప్పు, సినిమాకెళ్ళాలి" అంటాడు. నేనూ కొట్టున్న ఇంట పుట్టి కొట్టున్న ఇంటికి వచ్చినదాన్నే, ఇచ్చేది వచ్చేది చూసుకోకుండా దేనికీ చెయ్యి పెట్టను. ఈ పనిలో నాకు గిట్టేది ఏమిటంటే, అక్కడ ఒక మాట పెట్టాలంటే ముందు నన్ను అడుగుతారు. కాదంటే ఎందుకు కాదో అడుగుతారు, చెబితే వింటారు. ఆ సరుకు మా ఇంట్లో దొరకదు. అందుకే అక్కడ తెచ్చుకుంటున్నాను.

ఇంట్లో నేను అడిగినది ఒక్కటే, కొట్టు వెనక గది. పాత నమూనా తలుపులు గోడకి ఆనించి పడేసిన గది. దానికి ఒక కిటికీ, ఒక బల్ల పట్టేంత చోటు ఉన్నాయి. "చూద్దాంలే, తర్వాత" అన్నారు ఆయన. అప్పటికి మా పాప ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు బడికెళుతోంది.

దుప్పట్ల మడత పూర్తికాకముందే కింద నుంచి ఆయన పిలిచారు. "ఏమేవ్, ఒక్కసారి కిందికి రా!"

ఒక్కసారి అంటే వెంటనే. మెట్లు దిగాను.

కౌంటరు దగ్గర ఒక ఆఫీసరు గారు పిడులు పైకీ కిందికీ తిప్పి చూస్తున్నారు. ఇళ్ళ సముదాయాలు కట్టే పెద్ద కంపెనీ మనిషి. కొత్తగా కడుతున్న ఇళ్ళన్నిటికీ తాళాలు మా దగ్గరే తీసుకునే ఆలోచనలో ఉన్నారని నాలుగు రోజులుగా మా ఆయన ఇంట్లో చెబుతూనే ఉన్నారు. ఆ ఆర్డరు వస్తే కొట్టుకి ఊపిరి తిరుగుతుంది. అది నాకూ తెలుసు.

"మేడమ్, ఆ తేదీల లైబ్రరీ మీదేనటగా!" అన్నారు ఆఫీసరు సంబరంగా. "మా మరమ్మతుల యాప్‌లో అదే వాడుతున్నాం. బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటే చిక్కు. జనం 'తర్వాత పంపండి', 'వీలున్నప్పుడు రండి' అని రాస్తారు. మీది 'రోజు తెలియలేదు' అంటుంది. అలా కాకుండా ఏదో ఒక రోజు ఇచ్చేలా చేస్తే, మావాళ్ళు ఫోన్లు చేసే బాధ తప్పుతుంది."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "దానిదేముంది సార్! సాయంత్రానికల్లా చేసి పెట్టేస్తుంది. మీరు అటు పని చూసుకుని వచ్చెయ్యండి."

ఆయనకి అదొక అలవాటు. గోడౌన్లో సరుకు ఉందో లేదో చూడకుండానే "ఉంది సార్" అంటారు. కస్టమరు వెళ్ళాక పక్క కొట్టు వాళ్ళ దగ్గరికి పరుగెత్తుతారు. లేదన్న మాట కౌంటరు మీద వినపడకూడదని మామయ్యగారు నేర్పారు. ఆయన నేర్పిన ఇంకో పాఠం, తర్వాత వస్తానన్న మనిషి చేత రోజు చెప్పించకుండా గుమ్మం దాటనివ్వకూడదని. ఆ నేర్పు మా ఆయనకి బాగా అబ్బింది. ఆఫీసరు వెళ్ళాక, "నన్నడగలేదేం?" అన్నాను.

"అడగడానికేముంది? ఒక మాట చేర్చడమేగా. మేస్త్రీ మేకు కొట్టినంత సేపు పట్టదు నీకు."

"అది నేను కావాలనే పెట్టలేదండీ. తెలియని రోజు తెలుసని చెబితే..."

"చూడు, తాళాల ఆర్డరు నాకు కావాలి. నీ సిద్ధాంతాలు తర్వాత చెబుదువుగానిలే."

గోడౌన్లో ఉన్న సరుకులాంటిదాన్నే నేనూ అనిపించింది మెట్లెక్కుతుంటే. ఉందో లేదో చూడక్కర్లేదు. ఉంది సార్ అంటే చాలు.

అయినా ప్రయత్నించాను, అబద్ధమెందుకు. ఆర్డరు పోతే ఆ నష్టం నా కంచంలోనూ పడుతుంది. ఏ కొత్త మాట చేర్చినా ముందు నేను ఒక పరీక్ష రాస్తాను. ఎడమవైపు మనిషి అనే మాట, కుడివైపు ప్రోగ్రాం చెప్పాల్సిన రోజు. ఎడమవైపు 'తర్వాత' అని కొట్టాను. కుడివైపు ఏం కొట్టాలి? ఎవరో ఒకరు నిజంగా తర్వాత అన్నప్పుడు అది ఏ రోజు వచ్చిందో చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాను. ఊళ్ళో వాళ్ళ సంగతి నాకెందుకు, మా ఇల్లే చాలు. వెనక గది తర్వాత అన్నారు, రాలేదు. ఆగిపోయిన చదువు పరీక్షకి ఫీజు తర్వాత కడదాం అన్నారు, రాలేదు. మా అక్క దగ్గర వారం రోజులు ఉండి వస్తానంటే తర్వాత వెళ్ళొచ్చులే అన్నారు, అక్క పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. మరి అత్తయ్య "వీలున్నప్పుడు ఆ అలమరా సర్దు" అంటే? అది ఇవాళే, అన్నం వార్చేలోపే. పోనీ నేను తర్వాత అంటే? ఒక్కసారి అన్నాను, ఆయన చొక్కా గుండీ గురించి. "మాట వినడం మానేశావు" అన్నారు. తర్వాత అనే మాటలో రోజంటూ లేదు. ఎవరు ఎవరితో అన్నారన్నదాన్ని బట్టి అది జరుగుతుంటుంది. పైవాడు కిందివాడితో అంటే ఇప్పుడే, కిందివాడు అడిగినదానికి పైవాడు అంటే ఎప్పటికీ కాదు. దీనికి నేను ఒక తేదీ వేసి, లోకంలోని ఆసుపత్రులకీ బస్సులకీ పంపాలా? రేపు ఇంకో పెద్దాయనకి నా ప్రోగ్రాం ధీమాగా వచ్చే శుక్రవారం అని చెబుతుంది. నర్సు ఫోన్ చెయ్యదు.

"ఏమిటమ్మా, గోడ చూసినట్టు దాన్ని చూస్తున్నావు?" అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెమటతో ముఖం మెరుస్తోంది.

"తర్వాత అంటే ఏ రోజో తేలట్లేదత్తయ్యా."

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వెనక్కి తిరిగి వంటింటి గోడకేసి చూశారు. "ఈ గోడకి కిటికీ పెట్టిస్తానన్నారు మీ మామయ్య. నేను కాపరానికొచ్చిన కొత్తలో. పొగకి కళ్ళు మండుతున్నాయంటే తర్వాత పెట్టిద్దాం అన్నారు." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఊరందరికీ కిటికీల సామాను మనమే అమ్మాం." అని లోపలికి వెళ్ళిపోయారు.

ఎడమవైపు కొట్టిన మాట చెరిపేశాను. పిట్ట పంపినది చూసి, బాగుందని రాసి, లోపల పెట్టాను. ల్యాప్‌టాప్ మూశాను.

సాయంత్రం ఆఫీసరు వచ్చేసరికి పిలవకుండానే నేను కౌంటరు దగ్గర ఉన్నాను. నా వెనక, మెట్ల మీద అత్తయ్య. ఆవిడ మామూలుగా కొట్టు వేళలో దిగరు.

"అయిపోయిందా మేడమ్?"

"లేదండీ. అది చెయ్యను."

మా ఆయన దగ్గారు. ఆ దగ్గు అర్థం నాకు తెలుసు.

"ఎవరో మీకు 'వీలున్నప్పుడు రండి' అని రాశారనుకోండి" అన్నాను ఆఫీసరుతో. "నా ప్రోగ్రాం ఊహించి ఇచ్చిన రోజున మీ మనిషి వెళ్తాడు. ఇంటికి తాళం వేసి ఉంటుంది. అది మన దగ్గర కొన్న తాళమే అయ్యుంటుంది, ఊడిరాదు కూడా!" ఆఫీసరు నవ్వారు. "దానికన్నా మీ యాప్‌లో ఒక్క ప్రశ్న పెట్టండి. 'ఏ రోజు రమ్మంటారు?' అని. అది ఎలా పెట్టాలో నేను చెబుతాను. తెలియనిదాన్ని తెలుసని మాత్రం నా ప్రోగ్రాం చేత చెప్పించను. దాన్ని నమ్ముకున్నవాళ్ళు మీరొక్కరే కాదు."

ఆయన పిడి ఒకటి చేతిలో తిప్పుతూ ఆలోచించారు. "సరేనండి, మా పైవాళ్ళతో మాట్లాడతాను" అని పిడి కింద పెట్టి, మా ఆయనకేసి తిరిగారు. "తాళాల సంగతి తర్వాత చూద్దాం."

ఆ మాట విలువ మా ఆయనకి చెప్పాలా? ముఖం పాలిపోయింది. గుమ్మం దాకా వెంటవెళ్ళి, పుట్టుకతోనే కొట్టువాడైన మనిషి నోటితో, ఆలోచించకుండా అనేశారు. "తర్వాత అంటే ఏ రోజు సార్?"

ఆఫీసరు మా ఆయన్ని చూశారు, నన్ను చూశారు, గట్టిగా నవ్వారు. "బావుంది! మా యాప్‌లో పెట్టమన్న ప్రశ్న ఇదేగా. శుక్రవారం. శుక్రవారం పొద్దున వస్తాను, నమూనాలు తీసి ఉంచండి."

ఆయన వెళ్ళాక మా ఆయన కౌంటరు తుడిచారు. తుడిచిందే తుడిచారు. "ఆర్డరు పోయేదే ఇవాళ" అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "నువ్వు ముందే నాతో ఒక మాట అనుంటే..."

"అన్నాను. మీరు తర్వాత చెప్పమన్నారు."

గోడ మేకుకి వెనక గది తాళంచెవి వేలాడుతోంది. దాన్ని తీశాను.

"గది సంగతా?" అన్నారు. "చూద్దాంలే, తర్..." అక్కడ ఆగిపోయారు. ఆ మాట ఆయన నోట్లో సగంలో నిలబడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మెట్ల మీద నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఆ తలుపులు బరువురా అబ్బాయ్. మోయడానికి నువ్వూ ఉండు. అవయ్యాక పైకొచ్చి నా గోడ కూడా కొలుద్దువుగాని."

ఆయన తల్లిని చూసి, నన్ను చూసి, ఓడినవాడిలా కాదు గానీ, ధర తెలిసినవాడిలా అడిగారు. "ఎప్పుడు?"

"రేపు పొద్దున తొమ్మిదింటికి" అన్నాను. ఈ మాట దగ్గర నా ప్రోగ్రాం ఎప్పుడూ తడబడలేదు.