నూట పన్నెండో పేజీలో కుళాయి

"ఆ కంపు చేతులతో నా కాగితాలు ముట్టుకోకు" అన్నాడు మా ఆయన ల్యుబిషా, కిటికీ మూసేస్తూ.

నేను పెరట్లో పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నాను. సెప్టెంబర్ వస్తే మా లెస్కొవాత్స్ ఊళ్ళో ఏ పెరట్లో చూసినా పొగే. కారం లేని ఆ పెద్ద కాయల్ని కాల్చి, మూతపెట్టి మగ్గనిచ్చి, తొక్క ఒలిచి, మెత్తగా చేసి, గంటలకొద్దీ కలియబెడితేగానీ చలికాలానికి సరిపడా ఐవార్ పచ్చడి సీసాల్లోకి ఎక్కదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పని నాది. తినడం ఆయనదీ, వాళ్ళమ్మదీ. "మావాడు రాసుకుంటున్నాడు, పొయ్యి అవతలికి జరుపుకో అమ్మాయ్" అని మా అత్తగారు వరండాలోంచే పురమాయిస్తుంది. ఒలిచిన వారం దాకా నా గోళ్ళ నలుపు పోదు. ఆ వారం ఆయన పక్క ఇంకో గదిలో వేసుకుంటాడు.

ఆయన రాసేది ప్రేమ నవల. అట్ట మీద పేరు మాత్రం మిల్యానా వేద్రిచ్. ఆడపేరుంటేనే ఆడవాళ్ళు కొంటారట. రాస్తున్నన్నాళ్ళూ నన్ను చూడనివ్వలేదు, అచ్చయ్యాక చదివాను. నూట పన్నెండో పేజీలో కథానాయకుడు భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, "నీ చేతులు పాడవుతాయి, ఇవాళ నేను ఒలుస్తాను" అంటాడు. కాలిన కాయల్ని కుళాయి కింద పెట్టి, కడుగుతూ ఒలుస్తాడు. తర్వాత పొగ వాసన వేసే ఆమె వేళ్ళని ఒక్కొక్కటే ముద్దు పెట్టుకుంటాడు.

ముందు ఏడుపొచ్చింది. ఆ వేళ్ళు నావి. నా పద్దెనిమిది సెప్టెంబర్లు ఎత్తుకుపోయి, ఏనాడూ చెయ్యని సేవ చేసినట్టు రాసుకుని, ఊళ్ళో ఆడవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ ఆ పేజీ తీసి కుళాయి దగ్గర ఆగాను. అప్పుడు నవ్వొచ్చింది. కాల్చిన కాయకి నీళ్ళు తగిలితే రుచంతా తూములోకి పోతుందని మా ఊళ్ళో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. నీళ్ళు తగలకుండా ఒలవబట్టే కదా చేతులు నల్లబడేది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ చెప్పాడు. "శనివారం గ్రంథాలయంలో పాఠకుల సభ. మిల్యానా నేనేనని చెప్పేస్తాను. ఆడదాని మనసు ఇంతగా తెలిసిన మగాడని చప్పట్లు కొడతారు చూడు. ఈలోగా పాఠకుల వెబ్‌సైట్‌లో నువ్వో నాలుగు ముక్కలు రాసిపెట్టు. మొగుడి కోసం ఆ మాత్రం చెయ్యలేవూ?"

"రాస్తాను" అన్నాను.

ఐదు నక్షత్రాలిచ్చి రాశాను: "ఇంత మంచి మొగుణ్ణి నేను పుస్తకంలోనే చూశాను. నూట పన్నెండో పేజీ మాత్రం నాకు అంతుపట్టలేదు. శనివారం సభకి నేను కాల్చిన కాయలు తెస్తాను. రాసినవాళ్ళు ఒక్క కాయ ఒలిచి చూపిస్తే మేమంతా నేర్చుకుంటాం. వెరిత్సా, లెస్కొవాత్స్."

ఐదు నక్షత్రాలు చూసి ఆయన అక్కడితో చదవడం ఆపేశాడు. నేను రాసింది ఏదీ ఆయన చివరిదాకా చదవలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం ప్రతి అక్షరం చదివారు.

శనివారం హాలు నిండా ఆడవాళ్ళే. మిల్యానా తనేనని ల్యుబిషా చెప్పగానే అనుకున్నట్టే చప్పట్లు పడ్డాయి. అవి ఆగాక మా పక్కింటి పెర్సా లేచింది.

"ఏం నాయనా, మా ఆయనకీ నేర్పిద్దామని అడుగుతున్నా. ఆ నూట పన్నెండో పేజీ కాస్త చేసి చూపిస్తావా?"

నేను వెళ్ళి గిన్నె మూత తీసి ఆయన ముందు పెట్టాను. పొద్దున్నే కాల్చిన కాయలు, తొక్క నల్లగా ఉబ్బి ఉంది. ల్యుబిషా నా వంక మురిపెంగా చూసి, చొక్కా చేతులు మడిచాడు. ఒక కాయ తొడిమ పట్టుకుని పైకెత్తి, అటూ ఇటూ చూశాడు.

"ఇక్కడ కుళాయి ఎక్కడుంది?" అని అడిగాడు.