పై వరస సంచులు

నేను ఒక ఇనుప గొట్టాన్ని. మూరెడు పొడవు, ముందు మొన, మొన వెనక పొట్టలో ఒక చీలిక. గోనె సంచిలో నన్ను కసుక్కున గుచ్చి, ఒకసారి తిప్పి లాగితే పిడికెడు గింజలు నాతోపాటు బయటికి వస్తాయి. ఆ పిడికెడును చూసి సంచి మొత్తం ఎలాంటిదో మనుషులు తేల్చేస్తారు. సాటి మనిషిని తేల్చడానికి కూడా వాళ్లు ఇంతకన్నా ఎక్కువ శ్రమ పడగా నేను చూడలేదు.

నన్ను చేసింది కదిరిలో లేతు షాపు నడిపే మస్తాన్. మొనకు పదును పెట్టాక వేలితో తడిమి చూసి, మళ్లీ కాస్త మొద్దు చేశాడు. "సంచిలో దిగాల గానీ, చేతిలో దిగకూడదు" అనుకున్నాడు తనలో తాను. నన్ను ఎవరు పట్టుకుంటారో అతనికి తెలియదు. అయినా ఆ చేతి గురించి ఆలోచించాడు.

మొదట మార్కెట్ యార్డులో ఒక వ్యాపారి దగ్గర ఉన్నాను. కొనేటప్పుడు నన్ను సంచి అడుగున గుచ్చేవాడు, అమ్మేటప్పుడు పైన. ఆయన దుకాణం ఎత్తేసినప్పుడు పాత కాటాతో కలిపి నన్ను నారమ్మకు ఇచ్చేశాడు.

నారమ్మ ఊరి బయట ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకుని వేరుశనగ కాయలు ఒలిపించేది. యంత్రంలో వేస్తే గింజ పగులుతుంది. పగలని గింజకే గిరాకీ. అందుకని ఆడవాళ్లు వరసగా కూర్చుని చేత్తో ఒలిచేవాళ్లు. షెడ్డు నడిచినంత కాలం వాళ్లకు ఉన్న ఊళ్లోనే పని. ఆగిందా, బెంగళూరు బస్సెక్కి బిల్డింగుల దగ్గర ఇటుకలు మోయాల్సిందే.

ఆ సీమలో కాయ ఒలిచే ముందు నీళ్లు చల్లడం అలవాటు. తడిస్తే పెంకు మెత్తబడుతుంది, వేళ్లు చీరుకుపోవు. కానీ ఆ తడికే గింజకు బూజు పడుతుంది. ఆ బూజులోని విషం కంటికి కనపడకుండా కాలేయాన్ని తినేస్తుంది, పసిపిల్లలను మరీనూ. ఒక శిక్షణలో ఈ మాట విని వచ్చిన రోజే నారమ్మ నీళ్ల తొట్టిని షెడ్డులోంచి తీయించింది.

"ఏమక్కా, తాగేకైనా నీళ్లిస్తావా, దానికీ కరువేనా?" అంది జయమ్మ, వేలికి గుడ్డపేలిక చుట్టుకుంటూ.

"కడుపు నిండా తాగుమే. కాయల మీద ఉమిసినావంటే మాత్రం నీ సంగతి చూస్తా."

అందరూ నవ్వారు. వేళ్లు మాత్రం చీరుకుపోతూనే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే సముద్రం అవతలి పొరుగు దేశంలో చిక్కీలు చేసే కంపెనీ ఒకటి నారమ్మ సరుకు అడిగింది. ముందు ఒక కంటైనరు పంపమన్నారు. అది బాగా చేరితే ఏడాది పొడుగునా కొంటామన్నారు. నారమ్మ తన మాట మీద ఊరి రైతులందరి దగ్గరా కాయలు అరువుకు తెచ్చింది. షెడ్డు బతుకంతా ఆ ఒక్క కంటైనరులోకి ఎక్కింది.

లోడుకు ముందు ఒక పూట నారమ్మ రైతుల దగ్గరికి వెళ్లింది. షెడ్డులో ఆమె అత్త నాగక్క ఉంది. జయమ్మ వేళ్లు వాచి, ముట్టుకుంటే రక్తం చిమ్ముతున్నాయి. నాగక్క చూసి చూసి లేచి, జయమ్మ ముందున్న కుప్ప మీద చెంబుడు నీళ్లు చిలకరించింది.

"వద్దు పెద్దమ్మా, అక్క తిడతాది."

"రవ్వంత తడికి ఏమవుతాది లేమే. నీ చేతులు చూడలేకపోతాండా."

నేను గోడ మేకుకు వేలాడుతూ చూశాను. నాకు మొన ఉంది గానీ నోరు లేదు. ఆ గింజలు రెండు సంచుల్లోకి ఎక్కాయి. ఆ సంచులు దొంతరలో అడుగు వరసకు చేరాయి.

పరీక్షకు శాంపిల్ తీయడానికి ల్యాబు నుంచి వచ్చినాయన మంచివాడే. ఆయన వచ్చేసరికి హమాలీలు సంచులన్నీ పేర్చేసి, చెట్టు కింద పడుకున్నారు. కొన్ని సంచుల్లోంచి తీయాలని మన నిబంధన. ఏ వరసలోంచి అన్నది అందులో లేదు. పడుకున్నవాళ్లను లేపడం ఇష్టంలేక ఆయన చేతికందిన పై వరసలోనే నన్ను గుచ్చాడు. శుభ్రమైన గింజలొచ్చాయి. ల్యాబులో నెగ్గాయి. వచ్చిన సర్టిఫికెట్టును నారమ్మ కళ్లకద్దుకుంది.

తర్వాత జరిగిందంతా షెడ్డులో ఫోన్ల మీద విన్నదే. అవతలి రేవులో మన సర్టిఫికెట్టు చెల్లదన్నారు. వాళ్ల పద్ధతి వేరు. ప్రతి వరసలోంచీ తీసి, కలిపి, పొడి చేసి చూడాలి. అక్కడ ఆ పరీక్ష చేసే ల్యాబు ఒక్కటే, వంతు రావాలి. "మేము చూసింది చాలదా?" అని ఇక్కడివాళ్లు రాశారు. "మీ పద్ధతి మాది కాదు" అని అక్కడివాళ్లు రాశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి పుస్తకం ప్రకారం వాళ్లు సక్రమంగానే ఉన్నారు.

ఆ ఉత్తరాలు నడిచినన్నాళ్లూ కంటైనరు రేవులోనే నిలబడింది. పగలు ఇనుము కాగేది, పొద్దుపోయాక చల్లబడి లోపల చెమట పట్టి సంచుల మీదికి కారేది. రెండు సంచుల్లోని బూజు అన్నింటికీ పాకింది. వంతు వచ్చి తలుపు తీసేసరికి వాళ్ల అనుమానమే నిజమైంది. సరుకు చేరిన రోజే చూసి ఉంటే ఆ రెండు సంచులు పారేసి మిగతావి దించుకునేవాళ్లు.

"ఏమంటాండారక్కా?" అని జయమ్మ అడిగింది.

నారమ్మ ఫోను కింద పెట్టింది. "పోయిందంట."

"ఎంత?"

"అంతా."

మర్నాడు షెడ్డులో అన్నం దగ్గర కూర్చుని నాగక్క కంచం ముట్టలేదు. "నేనే మే. జయమ్మ కాయల మీద నీళ్లు నేనే చల్లినా" అంది. నారమ్మ గరిటె అందుకుని ఆవిడ కంచంలో చారు పోసింది. "తిను అత్తా, చల్లారిపోతాది." మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. సంచుల్లోకి దిగి నేను చాలా చూశాను. అంత మంచి గింజ నా పొట్టలోకి ఎప్పుడూ రాలేదు.

షెడ్డు మూతపడింది. జయమ్మతో సహా అందరూ బెంగళూరు బస్సెక్కారు. నారమ్మ చేను అమ్మి రైతులకు సర్ది, వేరేవాళ్ల షెడ్డులో కూలికి కుదిరింది.

కొన్నేళ్లకు చుట్టుపక్కల దేశాల అధికారులు ఒకచోట కూర్చున్నారు. జీడిపప్పు తిన్నారు, ఫొటోలు దిగారు, ఒకరి పేర్లు ఒకరు తప్పుగా పలికి మర్యాదగా నవ్వుకున్నారు. కానీ న్యాయంగా చెప్పాలంటే, పనీ చేశారు. ఎన్ని సంచుల్లోంచి, ఏ వరసలోంచి, ఎంత లోతు నుంచి గింజ తీయాలో అందరికీ ఒకే పద్ధతి రాసుకున్నారు. ఒక దేశం ల్యాబు ఇచ్చిన సర్టిఫికెట్టును ఇంకో దేశం ఒప్పుకోవాలనీ అనుకున్నారు. ఇప్పుడు కంటైనర్లు రేవులో పడి ఉండటం లేదట. వేరే ఊళ్లలో, వేరే ఆడవాళ్ల షెడ్లు నడుస్తున్నాయి.

ఆ పద్ధతి నేర్పడానికి అనంతపురంలో ఒక కేంద్రం పెట్టారు. పాత సామాన్ల అంగట్లో పడి ఉన్న నన్ను తెచ్చి గాజు పెట్టెలో ఉంచారు. కింద చీటీ అంటించారు: లోపలి వరసలకు అందని పాత సాధనం. నన్ను పట్టుకున్న చేతుల గురించి చీటీలో ఏమీ లేదు.

ప్రారంభం రోజున నారమ్మను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎదురుగా బల్ల మీద టీ పెడితే ముట్టలేదు. జుట్టు నెరిసింది. ఆ కంటైనరును పరీక్షించిన అధికారిణి కూడా సముద్రం దాటి వచ్చింది. నా పెట్టె పక్కనే నిలబడి ఏదో చాలాసేపు చెప్పింది. ఇక్కడి అధికారిణి వసుంధర దాన్ని తెలుగులో చెప్పింది.

"ఆలస్యం జరిగినందుకు చాలా బాధపడుతున్నారమ్మా. మీరేమైనా అడగాలంటే అడగండి."

"ఆ చెనిక్కాయలు ఏం చేసినారో అడుగు మేడం."

"కాల్చేశారటమ్మా."

"ఎవురూ ఎత్తుకపోలేదు గదా? రేవు కాడ లేనోళ్లు ఉంటారు. పిల్లోళ్లు ఏరుకోని తిన్నారేమో అని... ఇన్నేండ్లూ అదే నాకు."

వసుంధర ఆ మాట చెప్పగానే వచ్చినావిడ నారమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. దగ్గరుండి తానే కాల్పించానంది. ఆఖరి సంచి బూడిదయ్యేదాకా కదల్లేదంది. ఒక్క గింజ కూడా గేటు దాటలేదంది.

నారమ్మ వెనక్కి వాలింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే సరే" అంది. ఆ తర్వాతే టీ అందుకుంది.