బంతాటగాడి నాణెం

పొద్దున ఏడింటికల్లా అంపారో కొలిమి రాజేసేది. మూసలో చిటికెడు వెలిగారం వేసి, అది కరిగి లోపలంతా గాజులా పరుచుకునేలోపు నిలబడే ఓ గ్లాసు కాఫీ తాగేసేది. ఆ తర్వాత తోలు చేతితొడుగులు, పటకారు. మెక్సికోలో వెండిపనికి పేరుపడ్డ టాస్కో ఊళ్ళో వెండి కరిగించే ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదట్లో మగవాళ్ళు నవ్వారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పోత కూడా చెడకపోయేసరికి నవ్వడం మానేశారు.

1980 జనవరిలో వెండి ధర కొండెక్కి కూచుంది. తాతల కాలం నాటి పళ్ళేలు, కొవ్వొత్తి సెమ్మెలు, పిల్లల గిలక్కాయలు అన్నీ పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. విల్‌ఫ్రిదో దుకాణంలోనే ఆమె పని; అక్కడికి రోజూ గోనెసంచులు దిగేవి. వాటిలో సగానికి పైగా అరవై ఎనిమిది నాటి ఇరవై అయిదు పెసోల నాణేలే.

ఒలింపిక్ ఆటలు మెక్సికోకి వచ్చిన ఏడు, ఆ గుర్తుగా కొట్టిన నాణెం అది. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేది. ఒకవైపు పాముని పట్టిన గద్ద. రెండోవైపు పూర్వకాలపు బంతాటగాడు, తుంటితో బంతిని కొట్టబోతూ ఒళ్ళంతా విల్లులా వంచి ఉంటాడు. కింద అయిదు వలయాలు. కోట్లలో కొట్టినా సరే, జనం బ్యాంకుల ముందు బారులు తీరి తెచ్చుకున్నారు. తెచ్చుకుని బజారులో ఖర్చు పెట్టడానికి చేతులు రాక దాచుకున్నారు. బారసాలకి పాపాయి గుప్పిట్లో పెట్టారు. పెళ్ళిలో వధువు దోసిట్లో పోశారు.

ఆ నాణేన్ని చెవి దగ్గర పెట్టుకుంటే, మొట్టమొదట దాన్ని ఎవరు ఎవరికి ప్రేమగా ఇచ్చారో ఆ కొద్ది క్షణాలు వినిపించేవి. మాటలు, వెనకాల కోడికూత, వాన, అన్నీ. ఎవరూ ఎవరికీ ప్రేమగా ఇవ్వనిది మాత్రం ఉత్త వెండిలా ఊరుకునేది. టాస్కోలో పిల్లలు నడక నేర్చేలోపే దాన్ని చెవికి ఆనించడం నేర్చేవారు.

కరిగించేవాళ్ళు మాత్రం వినరు. కోళ్ళు కోసేవాడు వాటికి పేర్లు పెట్టడు కదా, అలాగే. అంపారో సంచి విప్పి నాణేలని పారతో ఎత్తి మూసలో వేసేది, బొగ్గులు ఎత్తినట్టే.

రోజూ పదింటికి లెయోబార్దో మాస్టారు వచ్చేవారు. బళ్ళో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. జేబులో వెండి చెంచాలు తెచ్చి, ఎత్తుకి ఎత్తు ఇచ్చి, సంచుల్లోంచి నాణేలు ఏరుకునేవారు.

"ఇంకా చెంచాలు మిగిలాయా మాస్టారూ?" అన్నాడు విల్‌ఫ్రిదో ఆ బుధవారం. "మీ ఆవిడ సూపు దేంతో తాగుతోందీ?"

"చెక్క గరిటెతో. రుచి పెరిగిందంటోంది."

"మీతో కాపురం చేశాక ఏం పెట్టినా రుచే లెండి."

ఆయన నవ్వి, సంచి పక్కన పీట వేసుకు కూచున్నారు. ఒక్కో నాణెం తీసి ముందు భూతద్దంలో చూస్తారు, తర్వాత వింటారు, తర్వాత నోటుబుక్కులో రాసుకుంటారు. 'వెరాక్రూజ్ యాస. తాత, మనవరాలు. ఓడ కూత.' 'నర్సు ఎవరికో. ఏడుపూ నవ్వూ కలిసి.' పన్నెండేళ్ళ నుంచి ఆయన సేకరించింది ఆ ఒక్క నాణేన్నే. మూడు వందలు దాటాయి. ఏ రెండూ ఒకటి కావంటారు.

"ఇటు చూడు అంపారో. దీనిలో వలయాలన్నీ తిన్నగా ఉన్నాయి, కదా? ఇదిగో, దీనిలో నడిమి వలయం కాస్త కిందకి జారింది. ఇలాంటివి తక్కువ. వాటిలోనూ పాము నాలుక పొడుగ్గా వంపు తిరిగినవి ఇంకా తక్కువ. అచ్చులు మారినప్పుడు వచ్చిన తేడాలు."

"ఎలా ఉన్నా కరిగితే ఒకటే మాస్టారూ."

"అందుకేగా నీకంటే ముందు నేనొచ్చేది."

ఆమెకి ఆయనంటే లోపల్లోపల గౌరవం. ఊరంతా అమ్ముకోవడానికి పరిగెడుతుంటే ఒక్క మనిషి చెంచాలిచ్చి తెచ్చుకుంటున్నాడు. నాణేన్ని అంచులతో పట్టుకునే తీరు చూస్తే, నిద్రపోయే పిచ్చుకని పట్టుకున్నట్టుండేది. ఆయన ఉన్నంతసేపూ ఆమె పార మెల్లగా వేసేది.

మాస్టారు ఉన్నట్టుండి "దొరికింది!" అని కేకేశారు. "జారిన వలయం, పొడుగు నాలుక. పన్నెండేళ్ళు వెతికాను!" పెద్ద చెంచా త్రాసులో పడేసి, నాణేన్ని చెవికి ఆనించుకున్నారు.

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి విన్నారు.

"అంపారో, ఇందులో నీ పేరు వస్తోంది."

"ఊళ్ళో నా పేరుగలవాళ్ళు ఎంతమందో."

"సెనా అని కూడా అంటున్నాడమ్మా."

పార ఆగింది. సెనా అంటే సెనాయిదా, అంపారో చెల్లెలు. తల్లి పోయాక అంపారోయే పెంచింది. అరవై తొమ్మిది మార్చిలో ఇగ్వాలా నుంచి వచ్చిన లారీ డ్రైవరు వెంట వెళ్ళిపోయింది. అదే రోజు, తండ్రి సెవెరో, అంపారో పెళ్ళికని దాచిన బంతాటగాడి నాణెం కూడా పోయింది. నడివీధిలో నిలబడి చెల్లెల్ని దొంగ అంది అంపారో. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు విప్పకుండా తిప్పి పంపింది. గనిలో పీల్చిన ధూళికి ఊపిరితిత్తులు చెడిన తండ్రి, ఆ వానాకాలంలో పెద్దగా మాట్లాడకుండానే పోయాడు. దిగులుతో మాట పడిపోయిందనుకుంది. ఆ దిగులు కూడా చెల్లెలి ఖాతాలోనే వేసింది. గంటన్నర బస్సు దూరంలో చెల్లెలుంది. ఊరు తెలుసు, వీధి తెలుసు. పదకొండేళ్ళలో వెళ్ళడానికి కాలు కదల్లేదు.

అంపారో చేతితొడుగు తీసింది. నాణేన్ని చెవికి ఆనించింది.

ముందు తండ్రి దగ్గు. ఆ దగ్గుని ఆమె ఎక్కడైనా పోల్చుకుంటుంది. తర్వాత వాకిట్లో కుండలో నీళ్ళు ముంచిన చప్పుడు. తర్వాత గొంతు:

"పట్టుకో సెనా. దారిలో అవసరానికి. ...ఏడవకు, అక్క లేస్తుంది. ...అంపారోకి నేనే చెప్తాలే. నేనిచ్చానని చెప్తాలే. నువ్వెళ్ళు తల్లీ."

అంతే. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ దగ్గు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఆ 'చెప్తాలే'.

"చెప్పలేదు," అంది అంపారో. ఎవరితో అంటోందో ఆమెకే తెలీదు. "నేను వీధిలో అరుస్తుంటే లోపల మంచం మీదే ఉన్నాడు. అంతా విన్నాడు. చెప్పలేదు."

విల్‌ఫ్రిదో తనే వెళ్ళి కొలిమి గాలి తగ్గించాడు.

మాస్టారు నాణేన్ని జేబురుమాల్లో చుట్టి ఆమె చేతిలో పెట్టారు.

"వద్దు మాస్టారూ. పన్నెండేళ్ళు వెతికారు."

"వెతకడం నా పని. దొరికింది చూశాను, చాలు." ఆయన నోటుబుక్కు తీసి, ఆమె వింటుండగా రాసుకున్న లైను మీద గీత కొట్టేశారు. "ఈ సంచీ ఎక్కణ్ణించి, విల్‌ఫ్రిదో?"

"ఇగ్వాలా. మార్కెట్టు నుంచి."

మర్నాడు గురువారం. అంపారో కొలిమి రాజెయ్యలేదు. తెల్లారే బస్సెక్కి, దారిపొడుగునా రుమాలు గుప్పిట్లో బిగించి కూచుంది. గురువారం వస్తే టాస్కో, ఇగ్వాలా ఉన్న గెరేరో రాష్ట్రమంతా పచ్చ పోజోలే, అంటే మొక్కజొన్న గింజల సూపు, తాగుతుంది. ఇగ్వాలా మార్కెట్టు వెనక వీధిలో ఓ రేకుల పాక కింద రెండు పెద్ద డేగిశాల్లో మొక్కజొన్న ఉడుకుతోంది. వాటి వెనక లావెక్కిన, జుట్టు నెరిసిన ఆడమనిషి. నిలబడ్డ తీరు మాత్రం అమ్మదే.

సెనాయిదా గరిట తిప్పుతూనే చూసింది. ఆపలేదు.

"విన్నావా?" అంది.

అంపారో రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. "ఇది అమ్మాల్సినంత కష్టం వచ్చిందా నీకు?"

"కష్టమా? బుధ, ఆదివారాలు తప్ప కూచోడానికే తీరిక లేదు." గరిటని డేగిశా అంచుకి కొట్టింది. "టాస్కోలో సంచులు కరిగించేది నువ్వేనని తెలుసు. మార్కెట్టులో ఆ సంచిలో కావాలనే వేశాను. విని వస్తే అక్క ఉన్నట్టు. వినకుండా కరిగించేస్తే... పోన్లే, అంతటితో సరి అనుకున్నా. పదిహేను రోజుల్నుంచి చూస్తున్నా."

అంపారో తల ఊపేస్తే సరిపోయేది. చెల్లెలి మొహంలో అప్పుడే వెలుగు మొదలైంది. ఆ వెలుగు ముందు అబద్ధమాడటం ఎంత తేలికో ఆమెకి తెలిసింది.

"నా అంతట నేను వినలేదే, సెనా," అంది. "కొలిమి దగ్గర వినం. నా చేతిలో పడి ఉంటే నిన్ననే ముద్దయిపోయేది. నాణేలు ఏరుకునే ఓ మాస్టారున్నారు. ఆయన విన్నారు. నన్ను పిలిచి వినిపించారు."

సెనాయిదా గరిట ఆగింది.

"నాన్న నీకు చెప్పాడనుకున్నా," అంది సన్నగా. "ఇన్నేళ్ళూ. తెలిసి కూడా ఉత్తరాలు తిప్పి పంపుతున్నావనుకున్నా."

"చెప్పలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

పాక బయట ముగ్గురు లారీవాళ్ళు వచ్చి బెంచీ లాక్కుని కూచున్నారు. "సెనా అక్కా, మూడు పెద్ద గిన్నెలు!" అని కేకేశారు. సెనాయిదా ముంజేత్తో మొహం తుడుచుకుంది. గోడకున్న ఇంకో ఏప్రను లాగి అక్క మీదకి విసిరింది.

"నిలబడి ఏం చూస్తావ్? ఆ ఉల్లిపాయలు తరుగు. ఏడవాలంటే అక్కడ ఏడువు, ఎవరూ ఎందుకని అడగరు."