నార్కట్‌పల్లి సముద్రం

కప్పు మళ్ళీ నిండింది. పిడి విరిగిపోయి చాయ్ పోయడానికి పనికిరాదని అత్త గుర్వమ్మ మూలకు విసిరేసిన పింగాణీ కప్పు అది. అంచుదాకా నల్లచాయ్ రంగు మడ్డి, దాని మీద గోధుమరంగు నురుగు. అండాలు కొంగు ముక్కుకు అడ్డం కట్టుకొని, ఒలకకుండా రెండు చేతులా పట్టుకొని పెరట్లోకి నడిచింది. ఆ మడ్డి పోసే మూల గడ్డి మొలవదు. పక్కనున్న తుమ్మచెట్టు సైతం ఆ వైపు కొమ్మ వేయడం మానుకుంది. ముందు గదిలోంచి మొగుడు పర్వతాలు గొంతు వినబడుతోంది. హైదరాబాదు బస్సు దిగినవాళ్ళెవరో అడిగినట్టున్నారు, గాజుతొట్టిలో నీళ్ళు ఇంత తేటగా ఎట్లా ఉంటాయని.

"దానంతట అదే సాఫయితది సాబ్. జర్మనోడి యంత్రం. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు."

అండాలు కప్పు కడిగింది. చేతులు కడుక్కుంది. వాసన చూసుకుంది. మళ్ళీ కడుక్కుంది.

నార్కట్‌పల్లికి సముద్రం ఎట్లా వచ్చిందంటే, లారీ ఎక్కి వచ్చింది. పర్వతాలు ఒకప్పుడు గొర్లు కాసినవాడే. కరువు పట్టిన ఏడు బొంబాయికి కూలికి పోయి, ఒక సేటు బంగళాలో గాజుతొట్టి నిండా ఉప్పునీళ్ళూ రంగుచేపలూ చూశాడు. తిరిగొచ్చి తన వంతు గొర్లమ్మి పెద్ద సడక్ పక్కన చాయ్ హోటల్ పెట్టాడు. నార్కట్‌పల్లిలో చాయ్ హోటళ్ళకు కొదవా? అక్కడ నోరు తెరిచి ఆవులిస్తే చాయ్ పోసి పైసలు అడుగుతారు. బస్సు తన ముందరే ఆగాలంటే పక్కవాడి దగ్గర లేనిది ఏదో ఉండాలి కదా. అందుకని సముద్రం పెట్టాడు. బందరు లారీ డ్రైవరు యోహాను పీపాల్లో సముద్రపు నీళ్ళు తెచ్చి పోశాడు. మద్రాసు దాటి కిరాయికి పోయినప్పుడు చేపలనూ, సముద్రపు ప్రాణులు పట్టి బతికున్న ఒక రాతినీ తెచ్చాడు. ఆ రాతిని పట్టుకొని ఒక పువ్వు ఉంది. చూడటానికి పువ్వే గాని, అదీ ఒక ప్రాణి. పసిపిల్ల వేళ్ళ వంటి రేకులు చాపి నీళ్ళలో దేనికోసమో తడుముకుంటూ ఉండేది.

పర్వతాలు కోతలకు లెక్కలేదు. ఆ పువ్వు పెరిగితే గొర్రెపిల్లను మింగుతుందన్నాడు. బస్సు సూర్యాపేట చేరేసరికి ఆ గొర్రెపిల్ల ఎద్దయింది. బెజవాడలో అదే పువ్వు డ్రైవరుతో సహా లారీని మింగేసింది. బందరులో తుఫాను లేస్తే నార్కట్‌పల్లి తొట్టిలో అలలు లేస్తాయనీ, అమావాస్యనాడు పసుపుపచ్చ చేప ఏడుస్తుందనీ నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. ఇన్ని చెప్పినవాడు తొట్టి వెనక వేలాడే పాతచీర తెర గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ చీర అండాలుదే. తెర వెనక గాలి నింపిన లారీ ట్యూబు, దాని మీద తిరగలి రాయి, పక్కన సైకిలు పంపు. ట్యూబు నుంచి సన్నటి రబ్బరు గొట్టం తొట్టిలో నిలబెట్టిన గాజు గొట్టం అడుగుదాకా పోతుంది. అక్కడ బొమ్మలు చేసే తేలికపాటి పొనికి చెక్క ముక్క ఒకటి. రాయి బరువుకు గాలి ఆ చెక్కలోంచి పిండంత సన్నటి బుడగలై లేస్తుంది. చేపల జిగురు, తిని వదిలిన ఎంగిలి, కుళ్ళబోయేదంతా బుడగల ఒంటికి అంటుకొని పైకి వస్తుంది. పైకొచ్చి నురుగవుతుంది. నురుగు గొట్టం మూతి దాటి కప్పులో పడుతుంది. మంచినీళ్ళలో ఇట్లా నురుగు రాదు, ఉప్పునీళ్ళకే ఆ గుణం. పప్పు ఉడికేటప్పుడు వచ్చే తెట్టు అమ్మ గరిటెతో తీసి పారేసేది. ఇదీ అంతేనని అండాలుకు మొదటిరోజే తెలిసింది. తెలియనిదల్లా, ట్యూబు మెత్తబడ్డప్పుడల్లా పంపు కొట్టేది తానేనన్నది. గాలి ఆగితే నీళ్ళు పాడవుతాయి, నీళ్ళు పాడైతే అన్నీ చస్తాయి. రొట్టెలు కాలుస్తూ లేవాలి. కునుకు పట్టగానే లేవాలి. ముట్టయి బయట కూర్చున్న రోజుల్లో మడీ మైలా అన్నీ పాటించే అత్త, ఈ పంపుకు మాత్రం మైల లేదని తేల్చింది.

"నువ్వు చేసేదేమున్నదే? గాలి కొట్టుడే గద. గాలి కొనుక్కస్తున్నవా?" అంటాడు పర్వతాలు.

మంగళవారం నాడు తమ్ముడు కురుమయ్య వచ్చాడు. భుజం మీద గొంగడి, కాళ్ళ నిండా దుమ్ము. చాయ్ కూడా ముట్టలేదు.

"అక్కా, అమ్మకు కండ్లు పూరా పోతున్నయే. మొన్న గొర్రెపిల్లనుకోని బండరాయిని ఎత్తవోయింది. భువనగిరి దవాఖానల బేస్తారం నాడు పొర తీస్తరట. తీసినంక కట్టు ఇప్పేదాక తల కదిలియ్యద్దట. కదిలితే కన్ను కారిపోతదట. పక్కన ఒకలు పట్టుకోని కూసోవాలె. ఆడోళ్ళ వార్డుల నన్నుండనియ్యరు. నా పెండ్లాం పచ్చి బాలింత. నువ్వే రావాలె."

గల్లాపెట్టె దగ్గర్నుంచి పర్వతాలు నవ్వాడు. బల్లల మీద కూర్చున్నవాళ్ళకు వినబడాలనే గొంతు పెంచాడు.

"ఏందిర బామ్మర్దీ! మీ అమ్మకు కండ్లు రెండున్నయి. నాకు సముద్రం ఒక్కటే ఉన్నది."

అందరూ నవ్వారు. కురుమయ్య తల వంచుకున్నాడు. గుర్వమ్మ పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది. "మా అత్తకు కండ్లు పోయినంక గూడ గోడ పట్టుకోని పదేండ్లు బతికింది. ఎవలొచ్చి కూసున్నరు? పిల్లలకు తొట్టెల కట్టాల్సిన జాగల నీళ్ళతొట్టి పెట్టుకున్నం. గదన్న బతకనియ్యవే తల్లీ."

"బావా, నాల్గొద్దులు..." అన్నాడు కురుమయ్య.

"నాల్గొద్దులా? నాల్గు గంటలాగితే చేపలు చచ్చి ఎల్లెలుకల పడ్తయి. అసలే పువ్వు ముడుసుకపోయింది, చూడరాదు?"

నిజమే. పువ్వు ముడుచుకుపోయింది. వారంగా రేకులు చాపడం లేదు. అండాలుకు దాని వైపు చూడబుద్ధి కావడం లేదు, చూడకుండా ఉండబుద్ధీ కావడం లేదు.

"నువ్వు నడువు తమ్మీ. నేను చూస్త" అని సాగనంపింది.

"బేస్తారం పొద్దుగాల దవాఖాన దర్వాజ కాడుంట" అన్నాడు వాడు, ఆమె ముఖం చూడకుండా.

ఆ మధ్యాహ్నం తెర వెనక పంపు కొడుతూ అండాలు ఆలోచించింది. ఆలోచించడానికి ఆమెకున్న జాగా అదొక్కటే. చిన్నప్పుడు మంద వెంట పోతుంటే కంట్లో నలుసు పడేది. అమ్మ కొంగు కొసను చిన్న మూటలా చుట్టి, దాంట్లోకి హా అని ఊది, ఆ వేడి చల్లారకముందే కంటి మీద అద్దేది. మళ్ళీ ఊది మళ్ళీ అద్దేది. నలుసు ఎప్పుడు పోయిందో తెలిసేది కాదు. అమ్మ ఊపిరి జొన్నరొట్టె వాసన వేసేది. నా కంటికి ఊపిరి పోసిన మనిషి కన్ను పోతుంటే నేనిక్కడ చేపలకు గాలి కొడుతున్నాను. ఈ ఇంట్లో నేనేమిటి? చేపను కాదు, ఎవరూ నన్ను చూడటానికి ఆగరు. పువ్వునూ కాదు. ఆ గొట్టంలో లేచే బుడగనేమో. అత్త అన్నది ఒంటికి అంటుకుంటుంది, మొగుడన్నది అంటుకుంటుంది, బల్లల మీది నవ్వు అంటుకుంటుంది, ఇల్లు మాత్రం తేటగా కనిపిస్తుంది. అబ్బ, పర్వతాలు ఇంట్లో ఎంత ప్రశాంతం అంటారు చూసినవాళ్ళు. గొట్టానికైతే చివర ఒక కప్పుంది. నిండితే పారబోయడానికి నేనున్నాను. నాకు కప్పేది? నాది పారబోసేదెవరు? చెయ్యి ఆగింది. బుడగలు పల్చబడ్డాయి. మళ్ళీ కొట్టింది, ఎందుకంటే పువ్వు ఏ పాపమూ చేయలేదు.

వంగినప్పుడు తొట్టి అడుగున పైసలు కనబడ్డాయి. కృష్ణ దాటేటప్పుడు నదిలో పైస వేసే జనం, సముద్రం కనబడితే వేయకుండా ఉంటారా? పైగా ఇంట్లో పడివున్న నైజాం నాటి పైసలు బజారులో చెల్లకపోయినా గంగమ్మ దగ్గర చెల్లుతాయని వాళ్ళ నమ్మకం. గుర్వమ్మ గాజుకు పసుపు కుంకుమ కూడా పెట్టింది. రాగి పైసలు పువ్వున్న రాతి మొదట్లో కుప్పపడి ఉన్నాయి. వాటి మీద పచ్చటి కిలుం పట్టింది. రాగి చెంబులో చల్ల నిలవుంచితే పట్టే కిలుమే. చిన్నప్పుడు అట్లాంటి చల్ల తాగి రెండు రోజులు కక్కుకున్నది ఆమెకు గుర్తే.

సాయంత్రం మొగుడికి చెప్పింది. "గా పైసలు తీసేద్దాం. కిలుం పట్టినయి. పువ్వుకు గదే పడ్తలేదేమో."

"పైసలను చూసే పైసలేస్తరే పిచ్చిదానా. నువ్వు గాలి తక్కువ కొడ్తున్నవ్. మనసు అవ్వగారింటి మీదుంటే చెయ్యి పంపు మీదెట్లుంటది?"

"గంగమ్మకేసినయి తీస్తే కండ్లు పోతయి" అంది గుర్వమ్మ. అని, తానేమన్నదో తెలిసి పొయ్యిలో పుల్లలు సర్దింది.

బుధవారం యోహాను లారీ ఆపి నీళ్ళ పీపాలు దించాడు. పెరట్లో కప్పు కడుగుతున్న అండాలును చూసి, "ఏం చెల్లెమ్మా, అట్లా వాడిపోయావు? నేనేదో పువ్వును తెచ్చాననుకున్నా, నిన్నిట్లా కట్టేసే గుంజను తెచ్చానా?" అన్నాడు. ఆమె కప్పు అక్కడే బోర్లించింది. పీపాలు లెక్కబెడుతున్న పర్వతాలు దగ్గరికి పోయి నిలబడింది.

"ఆఖరిమాటు అడుగుతున్న. రేపు పోతనయ్యా."

యోహాను ముందు కాబట్టి పర్వతాలు అరవలేదు. విసుక్కున్నాడు. "పోవద్దన్ననా? పో. నీ జాగల ఒక మనిషిని పెట్టి పో."

ఒక మనిషిని. అండాలు ఆ మాట పట్టుకొని నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ దానంతట అదే జరిగిన పనికి ఇప్పుడొక మనిషి కావలసి వచ్చింది. అయితే అది మనిషి చేసే పనే. చేసినది మనిషే.

బేస్తవారం తెల్లవారింది. అండాలు ట్యూబు రాయిలా అయ్యేదాకా గాలి కొట్టింది. చెయ్యి మోచేతిదాకా తొట్టిలో పెట్టి పైసలన్నీ ఏరి తీసింది. ఒక్కటీ ఉంచలేదు. వేలి కొన తగిలితే పువ్వు ఇంకా ముడుచుకుంది. "తెల్వదే నాకు. బతుకుతవో లేదో తెల్వదు" అని దానితో అంది. తర్వాత తెర విప్పి తీసింది. ఆ చీరలోనే తన రెండు చీరలు మూట కట్టింది.

భువనగిరి వైపు పోయే బస్సు వచ్చి ఆగింది. జనం దిగి తొట్టి చుట్టూ మూగారు. ఒక ముసలామె గాజుకు ముక్కు ఆనించి చూసింది. "అబ్బ, ఎంత తేటగున్నయి నీళ్ళు! ఎట్ల నాయినా?"

"దానంతట అదే..." అని అలవాటుగా మొదలుపెట్టిన పర్వతాలు తల తిప్పాడు. తెర లేదు. లారీ ట్యూబూ, తిరగలి రాయీ, పిడి దగ్గర అరిగిపోయిన పంపూ అందరి ముందరా ఉన్నాయి.

"మరి గా పంపు ఎవలు కొడ్తరు?" అంది ముసలామె.

పర్వతాలు దగ్గర చెప్పడానికి గొర్రెపిల్ల లేదు, ఎద్దు లేదు, లారీ లేదు. అండాలు వచ్చి నిండిన కప్పును గల్లాపెట్టె మీద, అతని ముందు పెట్టింది. దగ్గరున్నవాళ్ళు ముక్కులు మూసుకొని వెనక్కి జరిగారు.

"మనిషిని పెట్టి పొమ్మంటివి గద. పెట్టిన" అంది.

"ఏడీ?"

ఆమె పంపు తెచ్చి అతని చేతికి ఆనించింది. మూట ఎత్తుకొని బస్సెక్కింది.

బస్సు కదిలేదాకా ఆమె చెవి వెనక హోటల్ వైపే ఉంది. పంపు చప్పుడు వినబడలేదు. మలుపు తిరిగాక కిటికీలోంచి ఎవరూ కొట్టకుండానే గాలి వచ్చి కొట్టింది, సడక్ దుమ్ము తెచ్చి కంట్లో వేసింది. అండాలు కొంగు కొసను చిన్న మూటలా చుట్టింది. దాంట్లోకి హా అని ఊది, ఆ వేడి చల్లారకముందే తన కంటి మీద అద్దుకుంది.