ఐదో రోజు ప్లేటు

"చేతులు కడుక్కున్నావా?" అన్నాడు మొగుడు ఎస్కో, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

కైసు యాలకుల బన్నులకి పిండి పిసుకుతోంది. ఈ ప్రశ్న వయసు ఇరవై ఏడేళ్లు. పెళ్లయిన కొత్తలో నవ్వేది. తర్వాత్తర్వాత "ఆఁ" అనేది. ఇప్పుడు ఏమీ అనదు. మనుషుల మలంలో పురుగులు వెతికే ఉద్యోగం ఆమెది, పెద్దాసుపత్రి ల్యాబులో. నెల తిరిగేసరికి ఇంటికొచ్చే ఆమె జీతాన్ని మాత్రం కడుక్కుని వచ్చావా అని ఈ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు శనివారం. అత్తగారు లెంపికి ఎనభై అయిదో పుట్టినరోజు. రెండింటికి ఇరవై రెండుమంది కాఫీకి వస్తారు. కేకు రాత్రే చేసి పెట్టింది, హెర్రింగ్ చేప, రై రొట్టె సిద్ధం, బన్నులే మిగిలాయి. పోయినేడు ఇదే రోజున లెంపి చుట్టాల మధ్య కూర్చుని, "మా కోడలూ ఆసుపత్రిలోనేలే. డాక్టర్లు ముక్కు మూసుకునే పని చేస్తుంది" అంది. అందరూ నవ్వారు. ఎస్కో అందరికన్నా గట్టిగా నవ్వాడు. కైసు కాఫీ పోస్తూ వెళ్లింది.

పిండి మీద గుడ్డ కప్పి, "గంటలో వస్తా" అంది.

"శనివారం పూట పురుగులేమైనా నీ కోసం బెంగపెట్టుకున్నాయా?" అన్నాడు ఎస్కో.

బెంగ పెట్టుకునేవాళ్లెవరైనా ఉంటే అవే, అనుకుంది బస్సులో. ల్యాబులో మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. ఆమె వస్తే ఎవరూ లేచిపోరు కూడా, మర్యాదస్తులు; పక్క కుర్చీలో తమ కోటు పెట్టుకుంటారు, అంతే. నాలుగేళ్లుగా ప్రొఫెసర్ లిండ్రూస్ పరిశోధన నడుస్తోంది. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తే కాలేయాన్ని శత్రువనుకుని కొరుక్కుతినే జబ్బు ఒకటుంది. చిన్నప్పుడు కడుపులో పురుగులున్నవాళ్లకి ఆ జబ్బు తక్కువగా వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న మీద ఆయన మూడు వ్యాసాలు అచ్చేశాడు. నమూనాలన్నీ చూసింది కైసు. ఆమె పేరు ఒక్కదాంట్లోనూ లేదు, చివర 'ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఉంటుంది. ఒకసారి ధైర్యం చేసి అడిగితే ఆయన చాలా మెత్తగా, "చూసేది నువ్వే కైసూ, కాదనను. దాని అర్థం చెప్పేది మేం కదా" అన్నాడు. మెత్తగా అన్న మాటకి తిరిగి ఏమనాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. రోగుల మొహాలు కూడా ఆమెకి తెలియవు. వాళ్లంతా నంబర్లు. ఇన్నేళ్లలో ఒక్క వార్డు గడపా తొక్కలేదు.

పాత సూపర్వైజరు ఇర్యా మాత్రం పోయేముందు ఒక అలవాటు ఇచ్చిపోయింది. ప్లేటులో జిగురు పొర మీద నమూనా పెట్టి వెచ్చగా ఉంచితే, సన్నపురుగు ఒకటి ఉందంటే అది పాకుతుంది, పాకినంత మేరా జాడ పడుతుంది. లిండ్రూస్ నియమం ప్రకారం రెండు రోజులు చూసి పారేయాలి. "పురుక్కి మన డ్యూటీ టైము తెలీదే పిల్లా, అయిదు రోజులుంచు" అనేది ఇర్యా. అందుకే కైసు ప్లేట్లకి టేపు చుట్టి వెచ్చని పెట్టెలో వెనక దాస్తుంది. ఎవరూ చెప్పని పని, ఎవరూ జీతమివ్వని పని. ఆడవాళ్లకి అలాంటివి అలవాటే.

ఇవాళ్టితో అయిదు రోజులు నిండిన నలభై ఒకటో నంబరు ప్లేటు వెలుతురుకి పెట్టింది. పిండి చల్లిన బల్ల మీద ఎవరో తడి దారం ఈడ్చినట్టు వంకర్లు తిరుగుతూ జాడ. మైక్రోస్కోపులో చూసింది. చివరన కదులుతోంది.

చీటీ మీద ఉంది: మూడో అంతస్తు వార్డు, చికిత్స మొదలు, శనివారం మధ్యాహ్నం. కాలేయం కోసం ఎక్కించే మందు ఒంటి కాపలాని నిద్రపుచ్చుతుంది. కాపలా నిద్రపోతే ఈ పురుగు వేలకి వేలవుతుంది, ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి పోతుంది. మనిషి దక్కడం కష్టం. గడియారం పదకొండున్నర.

లిండ్రూస్ వేసవి ఇంట్లో ఉన్నాడు. ఫోన్లో కట్టెలు కొడుతున్న చప్పుడు.

"నలభై ఒకటికి లేదని బుధవారమే పంపేశాంగా."

"అప్పటికి లేదు ప్రొఫెసర్ గారూ. ఇవాళ ఉంది."

"ఇవాళా? ఎవరుంచమన్నారు? ఏ మట్టో పడి ఉంటుంది. ఆవిడ ఫారం చూడు, ఫిన్లండ్ దాటి ఎక్కడా ఉండలేదు. అది వేడి దేశాల మట్టిలోంచి ఉత్త పాదాల్లోకి ఎక్కే పురుగు. ఇక్కడివాళ్లలో నేనొక్కటీ చూడలేదు."

"చూసేది నేను కదండీ."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని కైసుకే అనుమానం వచ్చింది. అటువైపు గొడ్డలి కింద పెట్టిన చప్పుడు.

"సోమవారం మాట్లాడదాం. ఇంట్లో వేడుకన్నావుగా, వెళ్లు."

ఆమె వెళ్లింది. ఇంటికి కాదు, ఎదుటి భవనం మూడో అంతస్తుకి.

"ల్యాబువాళ్లా? ఫోన్ చేస్తే సరిపోయేదిగా" అంది నర్సు.

"చేశాను. సరిపోలేదు."

నలభై ఒకటికి మొహం ఉంది. పేరు మాలై. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. స్టాండుకి మందు సంచి వేలాడుతోంది, గొట్టం ఇంకా చేతికి తగిలించలేదు. పక్కన భర్త, కలెవి.

"నన్నడగండి, చెప్తా. ఆవిడకి మన భాష అంతంతమాత్రం" అన్నాడు.

కైసు ఆయన్ని అడగలేదు. "చిన్నప్పుడు చెప్పుల్లేకుండా ఎక్కడ తిరిగేదానివి?" అంది మాలైతో.

"ఏం ప్రశ్నండీ ఇది?" అన్నాడు కలెవి.

"వరిమళ్లలో, అక్కా" అంది మాలై, స్పష్టంగా. "థాయిలాండ్‌లో. ముప్పై ఏళ్లొచ్చేదాకా అక్కడే. అడవిలో బ్లూబెర్రీలు ఏరే పనికొచ్చి ఇక్కడుండిపోయా."

కైసు కలెవి వైపు చూసింది. "ఫారంలో వేరే దేశం లేదని రాశారు."

"పెళ్లయ్యాక ఎక్కడికీ పోలేదుగా. అదే రాశా." ఆయన అబద్ధమాడలేదు పాపం. ఆమె బతుకు తనని కట్టుకున్న రోజునుంచే మొదలైందని నిజంగానే నమ్మాడు.

"ఒంటి మీద దురదేమైనా?"

"నడుం కింద. ఎర్రగా గీత వస్తుంది. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట. నడుస్తుంది. రెండు రోజుల్లో పోతుంది."

"లాగూ రబ్బరు ఒరుసుకుని వస్తుందది. గీతలెక్కడైనా నడుస్తాయా? పదహారేళ్లుగా ఇదే పాట" అన్నాడు కలెవి.

మాలై పక్కకి తిరిగి దుప్పటి తొలగించింది. తుంటి మీద ఎర్రని గీత, వంకర్లు తిరుగుతూ. ఇందాక ప్లేటులో చూసిన జాడే. ఈమె దాన్ని పదహారేళ్లు ఒంటి మీద మోస్తూ చెబుతూనే ఉంది.

డ్యూటీ డాక్టరు వచ్చేసరికి రెండు కావస్తోంది. చిన్నపిల్ల. గీత చూసింది, కైసు ఫోన్లో తీసుకొచ్చిన ప్లేటు బొమ్మ చూసింది, సంచి స్టాండు మీంచి దించేసింది. "ముందు పురుగు మందు. ఇది తర్వాత" అంటూ కాగితం తీసుకుంది. "కనిపెట్టింది లిండ్రూస్ గారని రాయనా?"

"కాదు. నా పేరు రాయండి. కైసు వెంతోల."

మాలై చెయ్యి చాపి ఆమె కుడిచెయ్యి పట్టుకుంది. కైసు పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ఎడమ జేబులో ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? జనం వచ్చేస్తున్నారు" అన్నాడు ఎస్కో. "పిండి పొంగి బల్ల మీదికొచ్చింది. అమ్మ అడుగుతోంది, కేకెవరు కోస్తారని. కత్తెక్కడ పెట్టావసలు?"

"రెండో సొరుగులో ఉంది ఎస్కో. ఇరవై ఏడేళ్లుగా అక్కడే ఉంది."

ఫోన్ జేబులో పెట్టుకుంది, లేవలేదు. కుడిచెయ్యి ఇంకా మాలై చేతుల్లోనే ఉంది. కడుక్కున్నావా అని ఆమె అడగలేదు.